మెసేజ్ వెళ్ళింది

టీ కొట్టు గోడకి ఆనించిన సైకిలు జారి దభీమని కింద పడింది.

దాంతోపాటే పళ్ళ డాక్టరు ప్రాణమూ పడింది. ముందు చక్రం మార్పించి వారం కూడా కాలేదు మరి.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నలభై దాటాక ఆయనకి సైకిలు పిచ్చి పట్టింది. సీటు మార్చి అరవై గ్రాములు, పెడళ్ళు మార్చి నలభై గ్రాములు తగ్గించానని పేషెంట్ల నోరు తెరిపించి మరీ చెప్పేవాడు. తోటి రైడర్లు 'గ్రాముల డాక్టర్' అని పేరు పెట్టేశారు. పొట్ట ఎప్పుడు తగ్గిస్తారని అడిగితే మాత్రం మాట మార్చేవాడు.

హ్యాండిల్ మీద కొత్త సైకిల్ కంప్యూటర్ కూడా వెలిసింది. వేగం, దూరం, గుండె కొట్టుకోవడం, అన్నీ చూపిస్తుంది. సైకిలు గట్టిగా పడినా, కుదిపినా అరనిమిషం కూత పెడుతుంది. ఆపకపోతే ఎక్కడ పడ్డామో చెబుతూ ఇంటికి మెసేజ్ పంపుతుంది. కొన్నరోజే చేతికి గ్లవ్సు కూడా తియ్యకుండా భార్య నంబరు ఎక్కించాడు. కూత చిరాకేసి, ఆ శబ్దం మాత్రం వినిపించకుండా దాని నోరు నొక్కేశాడు.

చాయ్ తాగడం పూర్తయ్యేసరికి ఒక పాత పచ్చ స్కూటర్ రొప్పుకుంటూ వచ్చి ఆగింది. దిగిన మనిషి బక్కగా ఉన్నాడు. భుజాన గుడ్డ సంచీ ఉంది. డాక్టర్ని ఎగాదిగా చూశాడు.

"బాగానే ఉన్నారా సార్?"

"నాకేమయింది? బాగానే ఉన్నాను."

అతను తేలిగ్గా ఊపిరి వదిలి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత మార్కెట్ దగ్గర చక్రం గుంతలో పడింది. డాక్టరు దిగి చక్రం తుడుచుకుంటూ ఉండగానే పచ్చ స్కూటర్ వచ్చింది. మళ్ళీ అదే ప్రశ్న. ఆ తర్వాత స్పీడ్ బ్రేకర్ దగ్గరా అంతే. పిలవని పేరంటంలా వస్తాడు, క్షేమం అడుగుతాడు, వెళ్ళిపోతాడు.

రైడర్లలో ఒక ప్లీడరున్నాడు. ఈ మధ్య రెండు ఖరీదైన సైకిళ్ళు పోయాయనీ, ముందు ఇలాగే కాపు కాసి వివరాలు పట్టుకెళ్తారనీ చెప్పాడు. అనుమానం పెనుభూతం. ఆ రాత్రి డాక్టర్ సైకిల్ని పడగ్గదిలో పెట్టుకుని పడుకున్నాడు.

నాలుగోసారి ఫ్లైఓవర్ మొదట్లో సైకిలు ఎగిరిపడింది. కాసేపటికే, రైడర్లందరి ముందూ పచ్చ స్కూటర్ వచ్చి ఆగింది. సంచీలోంచి ఏదో పిడి బయటికి కనిపిస్తోంది. చూస్తే పెద్ద కత్తెర.

"కత్తెర దేనికయ్యా? తాళం కొయ్యడానికా?" అన్నాడు డాక్టర్.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతను సంచీ సర్దుకున్నాడు.

"అది నా పని సామాను సార్. ఒక్కసారి ఇది చూడండి..."

అంటూ జేబులోంచి ఫోను తీసి ముందుకి చాపాడు. సైకిల్ని ఫొటో తీస్తున్నాడనుకుని డాక్టర్ ఆ చేతి మీద ఒక్కటి వేశాడు. ఫోను ఎగిరి రోడ్డు మీద పడి ఆరిపోయింది.

"ఇంకోసారి నా వెనక కనిపించావంటే పోలీసులకి అప్పజెప్తాను."

అతను ముక్కలన్నీ ఏరి సంచీలో వేసుకున్నాడు. స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. శని వదిలిందన్నాడు ప్లీడరు.

మర్నాడు తెల్లవారాక డాక్టర్ ఒంటరిగా కాలవ గట్టు రోడ్డెక్కాడు. వంతెన దాకా తన టైమును తనే దాటాలని పంతం. కళ్ళు కంప్యూటర్ మీదే ఉన్నాయి. గుంత కనబడలేదు.

తెలివొచ్చేసరికి గట్టు కింద ఉన్నాడు. కుడిచెయ్యి ఫ్రేముకీ బండరాయికీ మధ్య నలిగి ఇరుక్కుపోయింది. ఫోను వీపు జేబులో, ఒంటి కింద ఉంది. కంప్యూటర్ మాత్రం మొహానికి ఎదురుగా వెలుగుతోంది.

'మెసేజ్ వెళ్ళింది.'

ఆయన గుండె కుదుటపడింది. ఇల్లు పది నిమిషాల దూరం, ఆవిడ వచ్చేస్తుంది అనుకున్నాడు. ఓపిక దాచుకుందామని అరవను కూడా అరవలేదు.

ఎవరూ రాలేదు. రెండు గంటల తర్వాత చెత్తబండి మనిషి చూశాడు.

అంతసేపు రక్తం ఆడక కుడిచేతి మూడు వేళ్ళు చచ్చుబడ్డాయన్నారు ఆస్పత్రిలో. కాస్త ముందు తెచ్చుంటే దక్కేవన్నారు. పళ్ళ డాక్టరుకి ఆ వేళ్ళే అన్నం.

మూడో రోజు మాట పెగిలాక ఆయన భార్య మీద విరుచుకుపడ్డాడు. మెసేజ్ చూసి కూడా ఎందుకు రాలేదని నిలదీశాడు. ఏ మెసేజూ రాలేదని ఆవిడ ఒట్టేసింది. అబద్ధమన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, కంప్యూటర్లో ఉన్న నంబరు తీసి చూసింది.

"చివర ఆరు కొట్టారండీ. నాది తొమ్మిది."

 ఆవిడే ఆ నంబరుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అవతల కుట్టు మిషను చప్పుడు ఆగింది. ఎవరో ఆడమనిషి పలికింది.

సంగతి వినగానే ఆమె గబగబా చెప్పుకొచ్చింది. ఆ సైకిలాయన పడిపోయాడని తమ ఫోనుకి నాలుగైదుసార్లు మెసేజ్ వచ్చిందట. తిరిగి చేద్దామంటే ఆ నంబరు కలవదట. అది వచ్చినప్పుడల్లా, ఎవరి ఇంటి మనిషో ఏమోనని, ఆమె భర్త కుడుతున్న బట్ట అలాగే వదిలేసి, కట్టు కట్టడానికి పాత గుడ్డా కత్తెరా సంచీలో వేసుకుని పచ్చ స్కూటర్ మీద పరిగెత్తేవాడట.

 డాక్టర్ కట్టు కట్టిన చేతిని చూస్తూ, ఆయన్ని ఒక్కసారి పిలవమ్మా అని గొణిగాడు.

"లేరండీ. మూడ్రోజుల కిందట ఫోనెలాగో పగిలింది, బాగుచేయించి ఇవాళ పొద్దున్నే తెచ్చుకున్నారు, తెరవగానే మళ్ళీ ఆ మెసేజే కనబడితే ఫోనిక్కడే పడేసి కాలవ గట్టుకి పరిగెత్తారు, అటునుంచి వచ్చినవాళ్ళు చెప్పారు, ఇప్పటిదాకా ఆ తుప్పల్లో సైకిలాయన కోసం వెతుకుతూనే ఉన్నారట."