మిగిలిన కాపీ

"ఇందులో ఉన్న ఫైలు కాస్త బయటికి తీసిపెడతారా?"

వచ్చినవాడు మడత గేమ్ మెషిన్ ఒకటి కౌంటరు మీద పెట్టాడు. ఎర్ర కవరు, నాసిరకం. పై తెర చచ్చిపోయింది.

దుకాణదారు దాన్ని వేలికొసతో నెట్టాడు, చచ్చిన బొద్దింకని నెట్టినట్టు.

"ఏ ఫైలు?"

"ఫర్మ్‌వేర్ అంటారటగా. కంప్యూటర్లో... ఎమ్యులేటర్కి..."

"వచ్చాడండీ ఇంకొకడు!" అన్నాడు దుకాణదారు, గోడలకి చెబుతున్నట్టు.

కంప్యూటర్ చేత పాత గేమ్ మెషిన్ వేషం కట్టించే ప్రోగ్రామే ఎమ్యులేటర్. ఆ వేషం నిలబడాలంటే, మెషిన్ లేవగానే మొట్టమొదట చదువుకునే, సొంతదారు రాసుకున్న పేరూ మాటా కూడా దాచుకునే ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి. అది లేక ఆట తెరుచుకోవడం లేదంటూ రోజూ ఎవడో ఒకడు ఏడుపు మొహంతో దిగుతాడు. వాళ్ళని చూస్తే దుకాణదారుకి ఒళ్ళుమంట.

కస్టమర్ నోరు తెరిచేలోపే రోగం చెప్పేయడం అతని గొప్ప. "ముందు వినండి మహానుభావా!" అని భార్య నెత్తి కొట్టుకునేది.

ఆమె పోయింది. ఖాళీగా ఉన్నప్పుడు ఆమె ఆడుకునే తెల్ల మడత మెషిన్‌ని, దుకాణం సర్దుతూ, తనే పొరపాటున పాత సరుకులో కలిపి అమ్మేశాడు. అప్పటినుంచి తెల్లది ఏది చేతికొచ్చినా, ముందు ఆన్ చేసి పై తెర మీద ఎవరి పేరు పడుతుందో చూస్తాడు. ఆమె ముద్దుపేరు ఇంతవరకు పడలేదు.

ఇదేమో ఎరుపు.

"ఇది మీ దగ్గరే కొన్నానండీ," అన్నాడు వచ్చినవాడు.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోం. బోర్డు కనపడటం లేదా?"

"వాపసు కాదండీ..."

"అయినా ఇలాంటి చెత్త కవరు నా కొట్లో ఎప్పుడూ లేదు."

"కవరు ముందు..."

"ముందూ లేదు, వెనకా లేదు. సంగతేంటి?"

వచ్చినవాడు నత్త. అతని మాటకీ మాటకీ మధ్య ఓ లారీ పట్టేంత సందు. ఆ సందులోకి దుకాణదారు దూరిపోతూనే ఉన్నాడు.

"ఇందులో ఒక పేరుందండీ..."

"ఉంటుంది. ప్రతిదాంట్లోనూ ఉంటుంది. మార్చుకోవడం చేతకాలేదా?"

"మార్చడానికి కాదండీ. పేరు కింద ఒక మాట కూడా రాసి..."

"మాటలు చదువుకోవడానికి మెషినెందుకయ్యా? వీధిలో గోడలు లేవూ?"

తన జోకుకి తనే నవ్వుకుని కేబుల్ గుచ్చాడు.

"దీన్లోది లాగాలంటే ప్రాణం తీస్తుంది. నా దగ్గర తయారుగా ఉన్న ఫైలు ఇస్తా, పట్టుకుపో."

"అది కాదండీ, దీన్లోదే కావాలి."

"అన్నీ ఒకటేనయ్యా! ఉప్పు ఏ కొట్లో కొన్నా ఉప్పే. ఉండు, మెషిన్లోకి కూడా నాదే ఎక్కించేస్తా. రెండూ ఒకటైతే నీ బుర్రకి శ్రమ తగ్గుతుంది."

"ఆగండి... ఒక్క నిమిషం ఆగండి..."

"నీతో పాటు నేనూ ఆగితే కొట్టు మూసుకోవాల్సిందే."

మీట నొక్కాడు.

కంప్యూటర్ మీద ఎమ్యులేటర్ లేచింది. పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

"చూశావా, అద్దంలా ఉంది! నీ పేరు రాసుకో."

"మరి... ఇదివరకు ఉన్నది?"

"తుడిచిపెట్టుకుపోయింది. శని వదిలింది."

వచ్చినవాడు మెషిన్‌ని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా మూసి, దుకాణదారు వైపే జరిపాడు.

"ఇంక ఇది నాకెందుకండీ. మీ దగ్గరే ఉండనివ్వండి."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"మొద్దావతారం!" అన్నాడు దుకాణదారు. విడిభాగాలకైనా పనికొస్తుందని, స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక మూత విప్పాడు.

బ్యాటరీ మీద ఊదారంగు చుక్క.

గోళ్ళ రంగు. తన మెషిన్ దుకాణం సరుకులో కలిసిపోకూడదని, ఆమె పెట్టుకున్న గుర్తు.

కవరు మాత్రమే మారింది.

దుకాణదారు చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. అటూ ఇటూ చూశాడు. పక్కనున్న జిరాక్సు కొట్టావిడ గుమ్మంలోకి వచ్చింది.

"ఏమైంది అన్నయ్యా?"

"ఇందాక నా కొట్లోకి వచ్చినవాడు ఎటు పోయాడు చెల్లెమ్మా?"

"ఆ నెమ్మదస్తుడా? ఇప్పుడే బస్సెక్కేశాడు. పని అయిందా అతనిది? నువ్వు కొట్టు తెరిచేదాకా పాపం ఇక్కడే కూర్చున్నాడు. ఆ మెషిన్ ఇదివరకు వాడుకున్నావిడ వాళ్ళాయన కోసం అందులో ఏదో రాసి పెట్టిందట. తెర పోయింది, రేపో మాపో మొత్తం పోతుంది, ఈలోపు ఆ ఫైలు తీయించాలన్నాడు. ఆవిడెవరో నిన్నే అడిగి తెలుసుకుని, వాళ్ళాయనకి ఇచ్చి వెళ్తాడట."



"ఏం రాసిందో... నీకేమైనా చెప్పాడా?"

"అడక్కుండా ఉంటానా? 'భార్య భర్తకి చెప్పుకున్న మాటమ్మా, మధ్యలో పరాయివాణ్ణి, నా నోటితో ఎలా చెప్పను' అన్నాడు."

"పేరు? ఫోన్ నంబరు?"

"నాకేం తెలుసు? నీ కస్టమరేగా, నువ్వడగలేదా?"



వీధి చివర బస్సు మలుపు తిరిగింది. ఆమె మాటకి లోకంలో మిగిలిన ఒకే ఒక్క కాపీ, అందులో ఏదో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళిపోయింది.