మూడో గేటు

“కొత్తగా చేరారా?” కారు వెనక సీట్లోంచి అద్దం దించి అడిగాడు పెద్దాయన.

“అవునండీ, ఇవాళే,” అంది మూడో టోల్ గేటు కిటికీలో కూర్చున్న ఆమె, నవ్వు దాచుకుంటూ.

పక్క గేటు అమ్మాయి మూతి తిప్పింది. రోజూ తెల్లవారుతూనే ఇదే ప్రశ్న, ఇదే జవాబు. వంతెనంతా మంచు కమ్ముకుని, కింద నది ఉందో లేదో తెలియని వేళ ఆ కారు మబ్బులోంచి జారినట్టు వచ్చి ఆగేది. నడిపే యువకుడు రసీదు తీసుకుని ఎదురుగా చూస్తూ ఉండిపోయేవాడు. పెద్దాయన మాత్రం ఆమెనే చూసేవాడు.

“మీ గొంతు వింటే ప్రాణం హాయిగా ఉంటుంది,” అన్నాడొకరోజు. “మా ఇంట్లోనూ ఉంది ఒకావిడ. ఏం చేయబోయినా వద్దంటుంది. ఆవిణ్ణి చూస్తేనే భయం.”

ఆ రోజు ఆమె మళ్లీ నవ్వలేదు.

“ఆయనకి ఇల్లూ సంసారం ఉన్నాయక్కా,” మందలించింది పక్క గేటు అమ్మాయి. “ఆ ఇంట్లో ఆవిడ గురించి ఎప్పుడైనా ఆలోచించావా?”

“ఆలోచించని రోజు లేదే,” అంది ఆమె.

ఇంతలో గేట్లు ఎత్తేస్తున్నారని కబురొచ్చింది. ఇక బళ్లు ఆగక్కర్లేదు, పైన బిగించిన కెమెరాలే అన్నీ చూసుకుంటాయి. ఆఖరి రోజు ఆమె డ్యూటీ దిగే వేళకి కారు వచ్చింది.

“రేపట్నుంచి నేనిక్కడ ఉండనండీ.”

పెద్దాయన ముఖం చిన్నబోయింది. “మరి మిమ్మల్ని ఎక్కడ చూడాలి?”

వెనక హారన్లు మోగుతున్నాయి. ఆయన చెయ్యి చాచి కిటికీ అంచు పట్టుకున్నాడు.

“నాతో వచ్చెయ్యండి. ఇంట్లో ఆవిడకి నేను చెప్పుకుంటాను.”

ఆమె తాళాలు పక్క గేటు అమ్మాయి చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని, వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

“అక్కా, నీకేమైనా మతిపోయిందా?” అన్న మాట మంచులో వెనకబడిపోయింది.

ఆయన మొహమాటంగా ఆమె చెయ్యి అందుకున్నాడు. కారు నేల మీద పోతున్నట్టే లేదు. వంతెన సగం దాటేసరికి ఆమె భుజం మీద తల వాల్చి పసివాడిలా నిద్రపోయాడు. మంచు విడిపోయి, కింద నది మెల్లగా బయటపడుతోంది.

“ఇంట్లో ఆవిడవి నువ్వేనని మర్చిపోయినా, నాన్నే నిన్ను ఇంటికి రమ్మన్నాడమ్మా,” అన్నాడు కారు నడుపుతున్న కొడుకు.