పసరు కట్టు

మేనమామ జగన్నాధం పేరెత్తితే చాలు, ధనరాజుకు కడుపు రగిలిపోతుంది.

పొద్దు గూకితే ఆ మామ తల్లికి గుమ్మం కూడా కనబడదన్న సంగతి దాచిపెట్టి, కూతుర్ని తనకు కట్టబెట్టాడని అతని ఏడుపు.

ఆ తల్లి తనకూ అమ్మమ్మేనన్న సంగతి మాత్రం గుర్తు తెచ్చుకోడు.

ఇప్పుడు ఆ జబ్బు ధనరాజు కూతురు సింధుకి దిగింది. పద్నాలుగేళ్ల పిల్ల. గొట్టంలోంచి చూసినట్టు రూపాయి బిళ్లంత మేర కనబడుతుంది, చుట్టూ చీకటి. ఆ బిళ్ల కూడా రానురాను చిన్నదైపోతోంది.

"కంటి వెనక పొర ఎండిపోతోంది. ఈ రకానికి ఇంకా మందు రాలేదు," అన్నారు విశాఖ డాక్టర్లు.

ఆ మాట ధనరాజు చెవికెక్కలేదు. సాలూరులో తోటి లారీ డ్రైవరు ఎవరో చెబితే, పిల్లను వెంటబెట్టుకుని గజపతినగరం అవతల ఉపేంద్ర పసరు వైద్యశాలకు వచ్చాడు.

పసరు సీసా కొన్నాడు. కళ్లకు కట్టు కట్టే గది ముందు వరసలో నిలబడ్డాడు.

వరండా గోడ మీద నిలువెత్తు ఫొటో. మోటారు సైకిలు మీద కూర్చుని నవ్వుతున్న బొద్దు మనిషి. కింద పెద్ద అక్షరాలు: పసరు కట్టుతో చూపు తిరిగి వచ్చింది.

ధనరాజు ఆ ఫొటోకి దణ్ణం పెట్టాడు.

"నువ్వూ ఇలాగే బండి తోలతావమ్మా. సూడు."

సింధు చూసింది. మనిషి మొత్తం ఆ పిల్ల చూపులో పట్టడు. ముందు మీసం, తర్వాత బుగ్గ, ఆ తర్వాత చెవి. ముక్క ముక్కగా కూర్చుకుంటూ చూసింది.

అంతలో ఎవరో వచ్చి ధనరాజు మీద పడ్డారు. చేతిలో సీసా జారి భళ్లున పగిలింది.

"కళ్లు కనబడవేటిరా నీకు?"

"కనబడవు బాబూ."

బక్కచిక్కిన మనిషి. మాసిన గడ్డం. చేతులు గాలిలో తడుముతున్నాయి.

"ఎవులికి బాబూ కట్టు?"

"నా కూతురు గుంటకి. నీకేటి?"

"ఆ తల్లికి ఇంకా కనబడతన్నాదేటి?"

"కొంచిం," అంది సింధు. "రూపాయి బిళ్లంత."

ఆ మనిషి మాట వినబడిన వైపు తిరిగి చేతులు జోడించాడు.

"కట్టించకు బాబూ, నీ కాళ్లట్టుకుంటాను. మండలం పాటు, నలభై రోజులు, కళ్లు మూసి కట్టెస్తారు. ఉన్న ఆ కాసింత సూపుతో సూసుకోనీ. కొండలు సూపించు. సముద్రం సూపించు. అమ్మ మొకం సూడనీ. నాకూ మొదట్లో బాగయిపోయినట్టే అనిపించినాది..."

"ఏ డాక్టరు పంపినాడ్రా నిన్ను? ఎంతిచ్చినాడు?"

"నానా," అంటూ సింధు చొక్కా లాగింది. "ఈయన..."

"నువ్వు నోరు ముయ్యి!"

లోపలినుంచి ఉపేంద్ర దగ్గర పనిచేసే గోపి వచ్చాడు.

"మళ్లీ వచ్చినాడేటి ఈ పిచ్చోడు! వారం వారం ఇదే గోల. తీసీండి, తీసీండి అంటాడు. ఈడు సెప్పినాడని దుకాణం తీసెయ్యాలేటి?"

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ధనరాజు నవ్వలేదు. మెడ మీద చెయ్యేసి ఆ మనిషిని రోడ్డు మీదకు గెంటాడు.

లారీ ఒకటి హారను మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోయింది. ఎటు జరగాలో తెలియక, ఆ మనిషి చెవి మాత్రం తిప్పి, అక్కడే నిలబడిపోయాడు.

ఇంకో సీసా కొన్నారు. కట్టు కట్టారు. మొత్తం వైద్యానికి ఉపేంద్ర అడిగింది విని, ధనరాజు పొలం బేరం పెట్టాడు.

జగన్నాధం పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మకురా. కళ్లు లేనోలకి కర్రతో నడక, వేళ్లతో సదువు నేర్పే బడులున్నాయంట. అందులో ఎయ్యి దాన్ని."

"మీ ఇంటి జబ్బుకే మావా, నా పొలం పోతన్నాది. ఎల్లు!"

గుమ్మంలోంచే పంపేశాడు.

ఇక ఆ మండలం పాటు ధనరాజుకు కంటిమీద కునుకు లేదు. బండి ఎక్కడ ఆపినా ఇంటికి ఫోను చేసేవాడు.

"మంటగా ఉన్నాదేటమ్మా?"

"బాగా మండతన్నాది నానా."

"మండితే పని సేస్తన్నట్టే."

"ఒక్కపాలి ఇప్పితే అమ్మని సూసి మళ్లీ కట్టించుకుంటాను."

"వద్దు! ఇన్నాళ్లదీ పాడయిపోతాది."

కట్టు విప్పిన పొద్దున, సింధు తల్లి శైలజ నుదుట పెద్ద బొట్టు పెట్టుకుని కూతురి ఎదురుగా కూర్చుంది.

"సూడమ్మా. ఎవులు?"

సింధు తల అటు తిప్పింది. ఇటు తిప్పింది. ఎర్రగా వాచిన రెప్పలు పూర్తిగా తెరిచింది.

"ఇంకా తెల్లారలేదేటి నానా?"

కిటికీలోంచి ఎండ ఆ పిల్ల ఒళ్లోనే పడుతోంది.

శైలజ నోట్లో కొంగు కుక్కుకుంది. ధనరాజు తల గోడకేసి కొట్టుకున్నాడు.

"ఆ ఫొటోలో ఆడికి వచ్చినాది గదా! ఆడికొచ్చిన సూపు నా గుంటకెందుకు రాదు?"

సింధు తడుముకుంటూ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజే సెప్పబోయాను నానా. నువ్వు నోరు ముయ్యమన్నావు."

"ఏటి?"

"ఫొటోలో ఆయనకి సెవి తమ్మె రెండుగా సీలి ఉన్నాది. నువ్వు రోడ్డు మీదకి గెంటీసినాయనకీ అలాగే ఉన్నాది."

ఆ మనిషి వారం వారం వచ్చి తీసెయ్యమని బతిమాలింది గోడ మీది తన ఫొటోనే. ఆ ఫొటోకి దణ్ణం పెట్టి ధనరాజు అమ్ముకున్నది ఎనభై అయిదు సెంట్ల పల్లపు పొలం.