అబద్ధాలాడే క్లిక్కర్లు

"అర్థమైందా?" అని గట్టిగా అడిగాడు సాంబశివరావు.

"అర్థమైంది సార్!" అరవై గొంతులు పైకప్పు అదిరేలా పలికాయి.

"అయితే నొక్కండి. అర్థమైతే ఒకటి, కాకపోతే రెండు."

పిల్లల చేతుల్లోని చిన్న రిమోట్లు టకటకమన్నాయి. గోడ మీది తెరపై లెక్క పడింది. అర్థమైంది: మూడు. కాలేదు: యాభై ఏడు.

సాంబశివరావుకు ఒళ్ళు మండిపోయింది. వారం నుంచీ ఇదే వరస. రేపు పొద్దున యూనివర్సిటీకి తనిఖీ బృందం వస్తోంది. వాళ్ళు వచ్చి కూర్చునేది ఆయన థర్మోడైనమిక్స్ క్లాసులోనే. ఈ దిక్కుమాలిన క్లిక్కర్లు వాళ్ళ ముందు కూడా ఇలాగే కూస్తే, చేతికందబోతున్న హెచ్‌ఓడీ కుర్చీ కాస్తా జారిపోతుంది.

కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అరగంట పాట వినిపించి, బ్యాటరీలు మార్చమన్నారు. మార్చినా మారలేదు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే పాట. చివరికి టెక్నికల్ సెల్‌కు వెళ్ళి గొడవ పెట్టుకుంటే, ఇదిగో ఇప్పటికి షెర్లీ అనే అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"చూశావుగా అమ్మాయ్! వీళ్ళు నోటితో ఒకటి చెబుతుంటే నీ మిషన్ ఇంకోటి చూపిస్తంది. ఏంది ఇది?"

"ఒక్క నిమిషం సార్" అని షెర్లీ పిల్లల వైపు తిరిగింది. "బస్సుల్లో వచ్చేవాళ్ళు ఒకటి నొక్కండి. హాస్టల్లో ఉండేవాళ్ళు రెండు."

తెర మీద ఇరవై ఆరు, ముప్పై నాలుగు వచ్చాయి. చేతులెత్తించి లెక్కపెడితే సరిగ్గా అంతే.

"మిషన్ బానే ఉంది సార్."

"ఏం బాగు? బస్సోళ్ళని లెక్కపెట్టడం వచ్చిన మిషన్‌కి నా పాఠం కాడికొచ్చేసరికి ఏం రోగం? ఇరవై రెండేళ్ళ నుంచి చెబుతున్నా. ఒక్కడంటే ఒక్కడు అర్థం కాలేదు సార్ అనలా!"

షెర్లీ ల్యాప్‌టాప్‌లో సెట్టింగులు తెరిచింది. "ఎవరేం నొక్కారో పేర్లు కనపడకుండా పెట్టి ఉంది సార్. కనపడేట్టు పెట్టమంటారా?"

"పెట్టు. ఎవడు ఆటలాడుతున్నాడో చూద్దాం."

ఆమె పెట్టింది. ఆయన మళ్ళీ అడిగాడు. ఈసారి ఒక్కో నొక్కుడుకూ ఒక్కో పేరు తెర మీదికి ఎక్కింది. అర్థమైంది: అరవై. కాలేదు: సున్నా.

"అద్దీ! ఇప్పుడు బాగైంది!" సాంబశివరావు మొహం వెలిగిపోయింది. "ఈ ముక్కేదో వారం కిందటే చేస్తే నాకీ తిప్పలు ఉండేయి కాదుగా."

షెర్లీ ఫిర్యాదు ఫారం తీసి ముందు పెట్టింది. ఆయన "సమస్య పరిష్కారమైంది" అని రాస్తూనే కళ్ళెర్రజేశాడు.

"అవునూ, ఇందాక రెండు నొక్కిన యాభై ఏడు మంది ఎవరో తెలుస్తదా?"

"తెలుస్తది సార్. పేర్లు లోపల ఎప్పుడూ ఉంటయ్."

"అయితే లిస్టు తియ్యి. ఒక్కొక్కడి సంగతి చెబుతా."

క్లాసంతా బిక్కచచ్చిపోయింది.

"పాత పేర్లు బయటపెట్టకూడదేమోనని ఇప్పటిదాకా ఆగా సార్" అంది షెర్లీ. "నిన్న స్టాఫ్ మీటింగులోనూ ఇవే వాడారుగా. ఆదివారం క్లాసులు అందరికీ ఇష్టమేనా అని డీన్ గారు అడిగితే నోటితో అందరూ ఇష్టమే అన్నారంట. మిషన్‌లోనేమో నలభై మంది కాదని నొక్కారు. వాళ్ళ పేర్లు కావాలని ఆయన పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు. మీకు తీసిచ్చాక ఇంక ఆయనకి మాత్రం ఎట్లా కాదంటా?"

ఫారం మీద పెన్ను ఆగిపోయింది. ఆ నలభై మందిలో అందరికంటే ముందు నొక్కింది సాంబశివరావే.