నిలబడే మనిషి

మొదటి రాయి రిసెప్షన్ అద్దాన్ని పగలగొట్టింది. రెండోది కంప్యూటర్‌ను.

డాక్టర్ మధులిక తన గది తలుపు సందులోంచి చూసింది. పాతిక మంది దాకా ఉన్నారు. అందరికంటే ముందు అంబదాస్. ట్రాక్టర్ కింద పడ్డ తమ్ముణ్ని పొద్దున హుస్నాబాద్ నుంచి తెచ్చింది అతనే. తమ్ముడు పోయి పావుగంటైంది. ఇప్పుడు అతని చేతిలో ఇనుప సెలైన్ స్టాండు ఉంది.

"ఏడున్నదే డాక్టరమ్మ? ఇయ్యాల సంపుత!"

అడ్డం వెళ్ళిన సెక్యూరిటీ దశరథం మూతి మీద పిడిగుద్దు పడింది. అతను కింద పడి నెత్తురు ఉమ్మాడు. గుంపు అతణ్ని తొక్కుకుంటూ వచ్చింది. నర్సులు మెట్లెక్కి పరుగెత్తారు.

రిసెప్షన్‌లో ఉన్న కోమల కూడా ఈ దెబ్బతో ఉద్యోగం మానేసినట్టే అనుకుంది మధులిక. జనవరిలో కరీంనగర్‌లోని ఈ ఆసుపత్రి కొన్నప్పుడే చెప్పారామెకు, ఆ కుర్చీలో ఏడాదిలో తొమ్మిది మంది మారారని. అందరూ డిగ్రీలు చదివినవాళ్ళే. చెంప మీద ఒక్కటి పడితే మర్నాడు రారు. తీరా మేనేజర్ కరుణాకర్ ఈసారి పదో తరగతితో ఆగిపోయి బీడీలు చుట్టుకుంటున్న కోమలను తెచ్చి కూచోబెడితే, మధులిక మండిపడింది.

"నాది పూచీ మేడం. జర ఊకోండ్రి" అన్నాడతను.

కోమల పారిపోలేదు. కౌంటర్ దాటి వాళ్ళ మధ్యకే వచ్చింది.

స్టాండు ఆమె నుదుటి మీద పడింది. చర్మం చీలి కన్ను నెత్తురుతో నిండింది. మోకాళ్ళ మీద కూలబడి, లేచి, అంబదాస్ చొక్కా రెండు చేతులా పట్టుకుంది.

"ఇంకోటి కొట్టు అన్నా. నేను యాడికి పోను. గని నీ తమ్ముణ్ని సూసినవా? ఎవలన్న సూపెట్టిండ్రా నీకు?"

"లే... గేటుకాడనే ఆపిండ్రు."

"లోపల ఒక్కడే ఉన్నడు. దా. వాని చెయ్యి ఇంక సల్లవడలే. పట్టుకుందువు."

ఎత్తిన స్టాండు అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా కిందికి దిగింది. అంబదాస్ ఆమె భుజం మీద పడి గొంతు చించుకుని ఏడ్చాడు. వెనక ఎవరో చేతిలోని రాయి జారవిడిచారు.

కోమల నుదుటికి మధులికే ఏడు కుట్లు వేసింది. రేపు రావద్దంటే, "ఎందుకు మేడం, ఎనిమిదింటికి వస్త" అని లేచి వెళ్ళింది.

మధులిక గ్లవ్స్ తీసేస్తూ రిసెప్షన్‌లోకి వచ్చింది.

"డిగ్రీలోళ్ళు నెల నిలువలే కరుణాకర్ గారూ. ఏం చూసి తీసుకున్నరు ఈమెను?"

గాజుపెంకులు ఏరుతున్న కరుణాకర్ తలెత్తాడు.

"పోయినేడు కొడుకు సచ్చిపోయిన రోజు గీ అద్దాలన్ని పలగ్గొట్టి, నా చెయ్యి ఇరగ్గొట్టింది గీమెనే మేడం."