ఎర్రదీపం

గుండెపోటు నుంచి బయటపడ్డ ప్రతి మనిషికీ ఆస్పత్రివాళ్ళు ఓ కడియం ఇస్తారు. అది తొడుక్కున్న మనిషి ఎంత దూరంలో ఉన్నా, రక్తనాళాల్లో వాపు పెరిగితే ఇంట్లో గోడదీపం ఎర్రబడుతుంది, తగ్గితే తెల్లబడుతుంది. దాన్నిబట్టే మందు. కాకినాడలో ఇప్పుడు ఆ దీపం లేని ఇల్లు అరుదు.

వీరభద్రం ఇంట్లో దీపం ఎర్రబడితే తప్పు భార్య హైమావతిదే. "నీ నోటివల్లే నాకీ వాపు. నన్ను కాటికి పంపేదాకా ఊరుకోవా?" అని విరుచుకుపడేవాడు. చివరికి ఆమె గరిటె చప్పుడు కూడా కానివ్వడం మానేసింది. దీపం మాత్రం ఎర్రగానే ఉంది.

"ఇంత మందు వేసినా మీ వాపు తగ్గట్లేదండి. కడియం ఏదీ?" అంది ఇంటికొచ్చిన నర్సు.

"గాజులేసుకుని తిరగమంటావా? మొదటిరోజే దాని చేతికి తొడిగేశాను. ఉండేది ఒకే కొంపలోగా" అన్నాడు వీరభద్రం.

నర్సు హైమావతి చెయ్యి పట్టుకుని చూసింది. "అయితే వాపు ఈవిడదండి. ఇన్నాళ్ళూ ఈవిడ వాపుకి మీరు మందు మింగారు."

"నోర్ముయ్" అని వీరభద్రం పెళ్ళాం మీద అరిచాడు, ఆమె ఒక్క మాటా అనకపోయినా. దీపం ఇంకా ఎర్రబడింది.

హైమావతి దీపాన్ని చూసింది, మొగుణ్ణి చూసింది, పొయ్యి ఆపింది.

"నన్ను ఆస్పత్రికి తీసుకుపో అమ్మాయ్" అంది, చెప్పులేసుకుంటూ.

ఆమె వీధి మలుపు తిరిగేసరికి, వీరభద్రం కళ్ళెదుటే గోడదీపం మెల్లగా తెల్లబడింది.