నీళ్లడగని కావలివాడు

ఉమ్ అల్ క్వైన్ సముద్రంలో హన్మాండ్లు సెలవివ్వనిదే చేప కూడా పక్కకు తిరిగేది కాదు.

ఒడ్డున ఇసుక దిబ్బ. దిబ్బ మీద చెక్క మంచె. మంచె మీద ఆకుపచ్చ డ్రెస్సులో హన్మాండ్లు, చేతిలో తుపాకీ. పరదేశపు చేపల ఓడలు హద్దు దాటి వచ్చి అక్కడి జాలరుల వలలు చింపుకుపోతుంటే, వాటిని దూరంగా ఉంచడం ఆ మంచె పని. డెబ్బై తొమ్మిది నాటి మాట. మొన్నటిదాకా మఫ్రఖ్ కూలీల క్యాంపులో ఉండి సిమెంటు కలిపిన మనిషికి ఇంత ఉద్యోగం దొరికితే కళ్లు నెత్తికెక్కవా? ఎక్కాయి.

వచ్చేముందు క్యాంపులో తోటివాళ్లతో అననే అన్నాడు.

“మీరు ఇసుక మొయ్యిన్రి. నేను ఓడల్ని ఆపుత.”

ఆ మాట అన్నాక మళ్లీ ఆ క్యాంపు గడప తొక్కడం కంటే సముద్రంలో దూకడం నయం.

ముదీర్, అంటే అక్కడి మేనేజరు, పెట్టిన షరతులు తక్కువే. పొద్దు పొడిస్తే ఎక్కాలి, గుంకితే దిగాలి. మధ్యలో కూర్చోకూడదు. చెయ్యి ఆడించకూడదు. నోరు విప్పకూడదు. మధ్యాహ్నం నెల్లూరు హయాత్ బాషా నీళ్ల బండిలో రొట్టె తెస్తే, మంచె వెనక నక్కి తినాలి.

“బందూకు గింత అల్కగున్నదేంది బాషా?”

“కొత్త రకం అన్నా. నీ చెయ్యి నొయ్యకూడదని.”

బాధంతా పాతాయనతో వచ్చింది. హన్మాండ్లు కంటే ముందు ఆ మంచె మీద ఉన్నాయన. గుబురు మీసాలాయన. ఇసుక గాలి వీచిన రోజు పైనుంచి పడి మెడ దెబ్బతింటే బాగు చేయించడానికి సత్వా బస్తీకి తీసుకుపోయారు. ఆయన బాగై వచ్చేదాకా హన్మాండ్లు. ఆయన్ను మించి నిలబడితే ఇక ఎప్పటికీ హన్మాండ్లే. అదీ ముదీర్ మాట.

ముదీర్ నోట ఎప్పుడూ పాతాయన భజనే. ఆయన తల తిప్పేవాడు కాదు. ఆయన ఎండకు సొమ్మసిల్లేవాడు కాదు. హయాత్ బాషా దాన్ని తెలుగు చేసి, పైన కాస్త కారం చల్లి వడ్డించేవాడు.

“ఇంకిన్ని నీళ్లు పొయ్యరాదు బాషా.”

“పాతాయన ఒక్కనాడన్నా నీళ్లడగలా అన్నా.”

“రోజా ఉన్నడేమో.”

“ఏడాది పొడుగునా?”

హన్మాండ్లు తుపుక్కున ఉమ్మాడు. “గాలికి వడ్డోడు, వాడొక కావలోడా? మా దిక్కు జొన్నచేను మంచె మీదికెల్లి పోరగాండ్లు గూడ వడరు.”

అన్నాడే గాని పట్టుదల పెరిగింది. పాతాయన విప్పిన డ్రెస్సే ఇతనికిచ్చారు. చంకల్లో, మెడ దగ్గర ఏదో గరగరా గుచ్చుకునేది. గోక్కోవడానికి లేదు. ‘ఎన్నడు తానం జేసిండో పాడుముండకొడుకు’ అని లోపలే తిట్టుకుంటూ నిలబడ్డాడు. ఒకనాడు సముద్రపు కాకి ఒకటి నెత్తిమీద వాలి, రెట్ట వేసి, తీరిగ్గా పోయింది. అతను కదల్లేదు. అది చూసి ముదీర్ మొదటిసారి నవ్వాడు.

“అచ్చం పాతాయన మాదిరే ఉండావంట,” అన్నాడు హయాత్ బాషా.

అన్నట్టు, ఆ చేప మాట ఉత్తదే. చేపలు వాటి ఇష్టమొచ్చినట్టు తిరిగేవి. ఓడలు మాత్రం నిజంగానే దూరదూరంగా పోయేవి.

ఒక పొద్దున ఒకటి పోలేదు. మెల్లగా హద్దు దాటి ఆగింది. దాని మీద ఒకడు దుర్భిణి పెట్టి మంచెనే చూస్తున్నాడు. ఇంకొంచెం దగ్గరికొచ్చింది. ముందు జాలరుల వలలు. అవి తెగితే ఉద్యోగం తెగినట్టే. కదలొద్దన్నారు నిజమే. కాని కళ్లముందు చేను మేస్తుంటే చూస్తూ ఊరుకునే పుటక కాదు హన్మాండ్లుది. ఊళ్లో జొన్నచేను మీద పిట్టల్ని తోలి తోలి పెరిగిన చెయ్యి.

తుపాకీ పక్కన పడేశాడు. నెత్తి తువ్వాల ఊడదీసి, మంచె మీద పరిచిన చాప ఎగరకుండా పెట్టిన రాయిని అందులో పెట్టి, వడిసెల తిప్పినట్టు గిరగిరా తిప్పాడు. “హో... హోయ్... హో...” అని మంచె ఊగేటట్టు అరిచాడు.

రాయి ఒడ్డునే పడింది.

ఓడ మీదివాళ్లు ముందు బిత్తరపోయారు. తర్వాత పడి పడి నవ్వారు. ఒకడు చొక్కా విప్పి ఇతని లాగే గిరగిరా తిప్పాడు. ఆ పైన తాపీగా లోపలికొచ్చి, వలలు చింపి, చేపలు ఎత్తుకుని పోయారు.

ముదీర్ వచ్చాడు. కేకలేస్తే బాగుండేది. పురుగును చూసినట్టు చూసి ఏదో గొణిగాడు.

“ఇన్నాళ్లూ సిపాయి అనుకొని జడుసుకొనేవాళ్లంట,” హయాత్ బాషా నేల చూస్తూ చెప్పాడు. “పిట్టలు తోలేవాడివని నువ్వే చూపించినావంట. పాతాయన వస్తన్నాడు. ఆయన అరవడంట.”

“ఖలాస్,” అన్నాడు ముదీర్. ఆ ముక్కకు తర్జుమా అక్కర్లేకపోయింది.

హన్మాండ్లు డ్రెస్సు విప్పి మడతపెట్టాడు. మఫ్రఖ్ పోయే లారీ సిద్ధంగానే ఉంది. ఎక్కలేదు.

“నీళ్లడగని మొనగాన్ని ఒక్కపారి సూడనియ్యి. మొకం మీదనే రెండు మాటలని పోత.”

పికప్ వచ్చింది. పాతాయన వెనకాల వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మర్యాదకైనా లేవలేదు. హన్మాండ్లు మీసం మెలేసి, దగ్గరికి పోయి, వంగి చూశాడు. మీసం మీది చెయ్యి కిందికి దించాడు.

హయాత్ బాషా అతని చేతిలోంచి డ్రెస్సు తీసుకున్నాడు.

“నేను ముందే చెప్పలా అన్నా, నీళ్లడగడని.”

ఆ చేప మాట పోను, ఇందులో నేను కల్పించింది పాతాయన గుబురు మీసాలొక్కటే. ఖర్జూరపు పీచు కూరి మెడ దగ్గర కుట్లేసిన గోనెసంచికి మీసాలెవరు పెడతారు?